క్యాన్సర్ చికిత్స తర్వాత ఒక్కసారిగా వచ్చిపడే మెనోపాజ్: ఇంట్లోవాళ్లం ఏం చేయగలం?

చిన్నచెల్లి:

అందరికీ నమస్కారం. మా అక్కకి 41 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పూర్తయ్యాయి. ఇప్పుడు అండాశయాలు పనిచేయకుండా నెలనెలా ఒక ఇంజెక్షన్, రోజూ ఒక లెట్రోజోల్ మాత్ర. గండం గడిచిందని ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం కానీ అక్కకి కష్టం అప్పుడే మొదలైంది. మామూలుగా మాట్లాడుతూనే ఉంటుంది, ఉన్నట్టుండి ఛాతీ దగ్గర్నుంచి మెడ, మొహం ఎర్రబడిపోతాయి, పై పెదవి మీద చెమట బొట్లు కడతాయి, వీపంతా తడిసిపోతుంది, కాసేపటికే చలి వేసి దుప్పటి లాక్కుంటుంది. రాత్రంతా ఇదే వరస. పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోయి సీసా మూత తిప్పలేదు. ఊరికే ఏడుపొస్తుంది, మాటల మధ్యలో ఏం చెబుతోందో మర్చిపోతుంది.

మొన్న మందుల డబ్బా సర్దుతుంటే లెట్రోజోల్ స్ట్రిప్పులో ఉండాల్సినదానికంటే ఎక్కువ మాత్రలు కనిపించాయి. అడిగితే "రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను, కాస్త తేలిగ్గా ఉంటుందేమో అని" అంది. డాక్టర్‌కి చెప్పావా అంటే "ప్రాణం నిలబెట్టినవాళ్ల దగ్గరికెళ్లి చెమటలు పడుతున్నాయని ఏం చెప్పను" అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. తనకి ఎలా అండగా ఉండాలి? దీనికి మందేమైనా ఉందా, లేక ఇన్నేళ్లూ భరించాల్సిందేనా?

తూర్పుగాలి:

చిన్నచెల్లి గారూ, మీ అక్క మాటలు చదువుతుంటే నా గుండె పట్టేసినట్టయింది, నేనూ ఇదే దారిలో వచ్చాను. ముందు ఒక్క మాట. మాత్రలు మానేసినందుకు తనని కోప్పడకండి. క్యాన్సర్ తిరగబెడుతుందనే భయం మీకంటే తనకే ఎక్కువ ఉంటుంది, అంత భయం ఉన్న మనిషి మాత్ర పక్కన పెట్టిందంటే ఒంట్లో ఎంత బాధ ఉందో ఆలోచించండి. ఈ మాత్రల్ని డాక్టర్‌కి చెప్పకుండా మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు, కారణం దాదాపు ఎప్పుడూ ఇదే, తట్టుకోలేకపోవడం. ఎవరూ అడగరు, వీళ్లు చెప్పరు. చెకప్‌కి వెళ్తే స్కాన్ బాగుంది, రక్తపరీక్ష బాగుంది అని పంపించేస్తారు, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగే తీరిక ఎవరికుంది.

ఇంట్లో పెద్దవాళ్లు "మాకూ ముట్లు ఆగిపోయాయి, మేం ఇంత గొడవ చేశామా" అంటారు. దానికి మాత్రం గట్టిగా సమాధానం చెప్పండి. మామూలుగా అయితే హార్మోన్లు కొన్నేళ్లపాటు కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తాయి, ఒంటికి అలవాటుపడే టైమ్ ఉంటుంది. కీమో వల్లో, ఇంజెక్షన్ వల్లో, అండాశయాలు తీసేయడం వల్లో అయితే వారాల్లో, ఆపరేషన్ అయితే రోజుల్లోనే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పడిపోతుంది. పైగా లెట్రోజోల్ లాంటి మాత్రలు ఒంట్లో మిగిలిన ఆ కాస్త ఈస్ట్రోజన్ కూడా తయారుకాకుండా ఆపేస్తాయి. రెండిటికీ పోలికే లేదు. అప్పటికే కీమోతో నలిగిపోయిన ఒళ్లు వేరే.

వార్డునర్సు:

నేను క్యాన్సర్ విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. చిన్నచెల్లి గారి రెండో ప్రశ్నకి సూటిగా చెబుతాను, భరించాల్సిన పని లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి హార్మోన్లు ఇవ్వరు కాబట్టి ఇక మార్గమే లేదని చాలామంది అనుకుంటారు. హార్మోన్ లేని మందులు ఉన్నాయి.

వెన్లాఫాక్సిన్ అని ఒకటి, నిజానికి డిప్రెషన్ మందు, కానీ తక్కువ మోతాదులో వేడి ఆవిర్లకి, అంటే మీ అక్కకి ఉన్నట్టుండి మొహం ఎర్రబడి చెమటలు పడుతున్నాయే వాటికి, పనిచేస్తుంది. 2000 సంవత్సరంలో ప్రచురించిన పరీక్షలో రోజుకి 75 మిల్లీగ్రాములు వాడినవాళ్లకి ఆవిర్లు 61 శాతం తగ్గాయి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లకి 27 శాతం. మొదటి వారం వికారం ఉండొచ్చు, బీపీ చూసుకుంటూ ఉండాలి, మానాలనుకుంటే మెల్లగా తగ్గించుకుంటూ మానాలి తప్ప ఒక్కసారిగా ఆపకూడదు. డిప్రెషన్ మందు రాశారంటే "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని బాధపడేవాళ్లని చూశాను, అది ముందే ఇంట్లో వివరించండి. రాత్రి చెమటలే ఎక్కువైతే గాబాపెంటిన్ పడుకునే ముందు ఇస్తారు, అది మత్తుగా ఉంటుంది కాబట్టి నిద్రకి కూడా కలిసొస్తుంది. ఆక్సీబ్యుటినిన్ అని మూత్రాశయానికి వాడే మందు కూడా తక్కువ మోతాదులో పనిచేస్తుంది, నోరు ఎండిపోవడం, మలబద్ధకం దాని ఇబ్బందులు.

ఒక్క విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, ఇది టామోక్సిఫెన్ వాడేవాళ్లకి, అంటే ఈస్ట్రోజన్‌ని అడ్డుకునే ఇంకో రొమ్ము క్యాన్సర్ మాత్ర వాడేవాళ్లకి. పారోక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ అనే డిప్రెషన్ మందులు టామోక్సిఫెన్‌ని కాలేయంలో అసలు మందుగా మారనివ్వకుండా అడ్డుపడతాయి. వేరే డాక్టర్ దగ్గరికి నిద్ర పట్టట్లేదని వెళ్లినా, మనసు బాగోలేదని వెళ్లినా టామోక్సిఫెన్ వాడుతున్నానని మొదటే చెప్పాలి. మీ అక్క లెట్రోజోల్ మీద ఉన్నారు కాబట్టి ఈ గొడవ తనకి లేదు, కానీ ఇది చదివేవాళ్లలో టామోక్సిఫెన్ వాడేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఇంకొకటి. రోజు విడిచి రోజు వేసుకోవడం గురించి డాక్టర్‌కి దాచకుండా చెప్పమనండి. తిట్టరు. కొన్ని వారాలు పూర్తిగా ఆపి చూసి, ఆ తర్వాత అదే రకంలో ఇంకో మాత్రకి, అంటే అనాస్ట్రోజోల్‌కో ఎక్సిమెస్టేన్‌కో, లేదా టామోక్సిఫెన్‌కో మార్చడం మామూలుగా జరిగేదే. ఒకటి పడనివాళ్లకి ఇంకొకటి పడుతుంది. అలా మార్చే వీలుందని తెలియకే చాలామంది మొత్తానికే వదిలేస్తున్నారు, నా బాధంతా అదే.

కొత్తపాప88:

మా పిన్నికి ఇలాగే ఉంటే గైనకాలజిస్ట్ హార్మోన్ మాత్రలు రాశారు, వారంలో మామూలు మనిషయింది. దీనికి ఇంత చర్చ ఎందుకండీ? లేదంటే మూలికల మాత్రలు దొరుకుతాయి కదా, అవి సహజమైనవి, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

వార్డునర్సు:

కొత్తపాప గారూ, మీ పిన్నిగారికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? రాకపోతే ఆవిడకి అది సరైన మందే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ల లెక్క వేరు. స్వీడన్ వైద్యులు మొదలుపెట్టిన హ్యాబిట్స్ అనే పరీక్షలో రొమ్ము క్యాన్సర్ అయినవాళ్లకి హార్మోన్లు ఇచ్చి చూశారు, వాడినవాళ్లలో క్యాన్సర్ మళ్లీ రావడం ఎక్కువగా కనబడి 2003లో మధ్యలోనే ఆపేశారు. టిబోలోన్ అని హార్మోన్‌లా పనిచేసే ఇంకో మందుని లిబరేట్ అనే పరీక్షలో 3000 మందికి పైగా ఆడవాళ్లలో చూశారు, అందులోనూ అదే, ఆవిర్లు తగ్గాయి కానీ క్యాన్సర్ తిరగబెట్టడం పెరిగింది. అందుకే ఆంకాలజిస్ట్‌కి, అంటే క్యాన్సర్ డాక్టర్‌కి, తెలియకుండా హార్మోన్ మాత్ర మొదలుపెట్టకూడదు.

మూలికల విషయం. సహజమైనదైనంత మాత్రాన ప్రమాదం లేనిది కాదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనేది కాలేయం మందుల్ని కరిగించే వేగాన్ని మార్చేస్తుంది, టామోక్సిఫెన్‌తో కలపకూడదు. బ్లాక్ కోహోష్ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి, పైగా అది ఆవిర్లకి పనిచేస్తుందన్న గట్టి రుజువు కూడా లేదు. సోయా నుంచి తీసిన గాఢమైన మాత్రలు ఈస్ట్రోజన్ లాగా ప్రవర్తిస్తాయి. ఇంట్లో ప్రేమతో ఎవరో ఒకరు తెచ్చిస్తారు, వద్దంటే బాధపడతారు, అందుకని ఆ డబ్బా తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించి వాళ్లతోనే వద్దనిపించండి.

నదిఒడ్డు:

ఇక్కడ ఒక మాట కలపాలి, లేకపోతే నాలాంటివాళ్లు భయపడిపోతారు. నాకు వచ్చింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, స్క్వామస్ రకం. రేడియేషన్‌తో అండాశయాలు దెబ్బతిని 36 ఏళ్లకే మెనోపాజ్ వచ్చింది. ఈ రకం హార్మోన్ల మీద ఆధారపడి పెరిగేది కాదు, కాబట్టి నాకు హార్మోన్లు వాడొచ్చు, వాడాలి కూడా అని డాక్టర్ వివరంగా చెప్పారు. చిన్న వయసులో ఈస్ట్రోజన్ లేకుండా ఏళ్లకేళ్లు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది, అందుకే సహజంగా ముట్లు ఆగే వయసు దాకా, అంటే సుమారు 50 ఏళ్ల వరకు వాడమన్నారు. నాకు గర్భాశయం ఉంది కాబట్టి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ కూడా ఇచ్చారు. రేడియేషన్ అయ్యాక గర్భాశయం లోపలి పొర పూర్తిగా చచ్చిపోయిందనుకోవడానికి లేదట, ఒట్టి ఈస్ట్రోజన్ ఇస్తే ఆ పొర మందమై ప్రమాదం అవుతుందట.

బాధేమిటంటే నాకు ఈ విషయం చాలా ఆలస్యంగా తెలిసింది. "క్యాన్సర్ వచ్చినవాళ్లు హార్మోన్ల జోలికి వెళ్లకూడదు" అని తెలిసినవాళ్లంతా ఒకే మాట, ఒక డాక్టర్ కూడా అదే అన్నారు. రక్త క్యాన్సర్‌కి చికిత్స తీసుకున్నవాళ్లు, పెద్దపేగు క్యాన్సర్‌కి పొత్తికడుపు రేడియేషన్ తీసుకున్నవాళ్లు, వీళ్లలో చాలామందికి హార్మోన్లు వాడొచ్చు. మీది ఏ క్యాన్సర్, ఏ రకం, దానికి హార్మోన్లతో సంబంధం ఉందా, ఇవి మూడూ అడిగి తెలుసుకోండి.

తూర్పుగాలి:

నదిఒడ్డు గారూ, ఇది చెప్పినందుకు చాలా థ్యాంక్స్. ఈ సంగతి నాకూ తెలియదు.

రఘువి:

మగవాణ్ని, మాట్లాడొచ్చా అని ఆలోచించి రాస్తున్నాను. నా భార్యకి ఇలాగే జరిగింది. భర్తలకి చెప్పదలచుకుంది ఏంటంటే, ఆవిడ చిరాకుపడితే అది మీ మీద కాదు. వరసగా నెలల తరబడి నిద్ర లేని మనిషి ఎవరైనా అలాగే ఉంటారు. మేం చేసింది చాలా మామూలు పనులు. మంచం మీద ఒకే మందపాటి దుప్పటి తీసేసి ఇద్దరికీ విడివిడిగా పల్చటివి పెట్టుకున్నాం, ఆవిడ వైపు ఫ్యాన్, మంచం పక్కనే మార్చుకోవడానికి ఒక జత నూలు బట్టలు, ఒక తువాలు, చల్లటి నీళ్లు. రాత్రి లేచి చీకట్లో బీరువా వెతుక్కోవాల్సిన పని లేకపోతే మళ్లీ నిద్ర పట్టే అవకాశం ఎక్కువ. ఇంకా ఒక నోట్‌బుక్‌లో ఎప్పుడెప్పుడు ఆవిర్లు వస్తున్నాయి, అంతకుముందు ఏం చేశాం అని రాసుకున్నాం, తనకి వేడి కాఫీ, బిగుతు బట్టలు, పనిలో ఒత్తిడి ఎక్కువైన రోజులు ఇవి కారణాలని తేలింది. ఆ పుస్తకమే డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లాం, అది చూశాక మాట్లాడే తీరే మారింది, "అప్పుడప్పుడు చెమటలు" అని చెప్పడం వేరు, రాత్రికి నాలుగైదుసార్లు లేస్తోందని రాసి చూపించడం వేరు.

దాంపత్యం గురించి కూడా రాయాలి, ఎవరూ రాయరు కాబట్టి. ఆవిడ దగ్గరికి రానివ్వకపోతే ప్రేమ తగ్గిందని మగవాళ్లు అనుకుంటారు. నొప్పి. నిజంగా కోసినంత నొప్పి. అది తెలిశాక ఆ విషయం పక్కన పెట్టి, పక్కన కూర్చోవడం, చెయ్యి పట్టుకోవడం, దానివెనక ఇంకేదో ఆశ ఉందని ఆవిడకి అనిపించకుండా ఉండడం, ఇవి నేర్చుకున్నాను. ఆ భయం పోయాకే మేం దాని గురించి నోరు విప్పి మాట్లాడుకోగలిగాం.

పేరువద్దు:

రఘువి గారు రాశారు కాబట్టి నేనూ ధైర్యం చేస్తున్నాను. అనాస్ట్రోజోల్ వాడుతున్నాను. కింద ఎంత పొడిబారిపోయిందంటే దాంపత్యం సంగతి వదిలేయండి, కూర్చున్నా నడిచినా మంటే, మూత్రానికి వెళ్తే మంట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్. మా డాక్టర్ మగాయన. ఎలా చెప్పాలో తెలియట్లేదు. దీనికి ఏదైనా ఉందా?

వార్డునర్సు:

ఉంది, అడిగి చాలా మంచి పని చేశారు. మీరు రాసినవన్నీ ఒకే సమస్యలో భాగాలు. ఈస్ట్రోజన్ తగ్గితే యోని గోడ పల్చబడి ఆరిపోతుంది, మూత్రనాళం కూడా అంతే. వేడి ఆవిర్లైనా కొన్నాళ్లకి తగ్గొచ్చు, ఇది మాత్రం వదిలేస్తే దానంతటది తగ్గదు, ముదురుతుంది.

రెండు రకాల జెల్‌లు వేరువేరని ముందు తెలుసుకోవాలి. మాయిశ్చరైజర్ అనేది మొహానికి క్రీమ్ రాసుకున్నట్టు క్రమం తప్పకుండా వాడేది, కలయిక ఉన్నా లేకపోయినా వారానికి రెండు మూడుసార్లు, అవసరమైతే ఇంకా ఎక్కువగా, పడుకునే ముందు. లూబ్రికెంట్ ఆ సమయానికి మాత్రమే వాడేది. సువాసనలు, చల్లదనం వేడిదనం అని రాసి ఉన్నవి వద్దు, మంట పెరుగుతుంది. కండోమ్ వాడేవాళ్లు నూనె రకం లూబ్రికెంట్ వాడకూడదు, కండోమ్ చిరిగిపోతుంది. సబ్బుతో లోపల కడగడం పూర్తిగా మానేయండి. ప్రవేశద్వారం దగ్గరే నొప్పి అయితే మొద్దుబార్చే మందు, 4 శాతం లిడోకైన్ ద్రవాన్ని దూదితో కొన్ని నిమిషాలు అక్కడ అద్ది ఉంచే పద్ధతి ఉంది, రొమ్ము క్యాన్సర్ అయిన ఆడవాళ్లలోనే పరీక్షించి చూశారు, డాక్టర్‌ని అడగండి.

వీటితో తగ్గకపోతే యోనిలో పెట్టుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ గురించి ఆంకాలజిస్ట్‌తో మాట్లాడాలి. అది రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది, టామోక్సిఫెన్ వాడేవాళ్ల విషయంలో డాక్టర్లు కాస్త సుముఖంగానే ఉంటారు. మీరు వాడే అనాస్ట్రోజోల్ లాంటి మందులతో మాత్రం జాగ్రత్త ఎక్కువ. డెన్మార్క్‌లో 2022లో వచ్చిన అధ్యయనంలో ఈ రకం మాత్రలతో పాటు యోని ఈస్ట్రోజన్ వాడినవాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం కొంత ఎక్కువ కనబడింది, మరణాలు మాత్రం పెరగలేదు. కాబట్టి పూర్తిగా వద్దని కాదు, మీ కేసు చూసి ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

ఇక ఎలా చెప్పాలనేది. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. "మందు మొదలుపెట్టినప్పటి నుంచి యోని పొడిబారడం, మంట, కలయికలో నొప్పి" ఈ ఒక్క వాక్యం చాలు. లేదా అక్కడి నర్సుని పక్కకి పిలవండి, మేం ఇవి రోజూ వినేవాళ్లమే. కొందరికి కింది కండరాలు నొప్పి భయంతో బిగుసుకుపోయి ఉంటాయి, వాళ్లకి పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ బాగా పనిచేస్తుంది.

నదిఒడ్డు:

పొత్తికడుపు రేడియేషన్ అయినవాళ్లకి ఇంకోటి. లోపల గోడలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా డైలేటర్, అంటే యోనిలో పెట్టుకునే నున్నటి గొట్టం లాంటిది, వాడమని చెబుతారు. అది భర్తతో కలవడం కోసమే అనుకుని పెళ్లికానివాళ్లు, భర్త లేనివాళ్లు వదిలేస్తారు. రేపు డాక్టర్ లోపల పరీక్ష చేయాలన్నా దారి ఉండాలి కదా, అందుకోసం కూడా. మొదట్లో ఏడుస్తూ వాడాను, అది కూడా నిజమే. నెమ్మదిగా, ఊపిరి వదులుతూ, చిన్న సైజుతో మొదలుపెట్టాలి.

పేరువద్దు:

కాగితం మీద రాసుకున్నాను. ఇద్దరికీ ధన్యవాదాలు.

కదలికే_మందు:

ఫిజియోథెరపిస్ట్‌ని. చిన్నచెల్లి గారి అక్క వేళ్ల బిగుతు గురించి ఎవరూ రాయలేదు. లెట్రోజోల్ రకం మాత్రలతో కీళ్ల నొప్పులు చాలా మామూలు, పొద్దున బిగుసుకుపోవడం దాని తీరు. నొప్పిగా ఉంది కదా అని కదలకుండా కూర్చుంటే ఇంకా బిగుస్తుంది. 2015లో ప్రచురించిన హోప్ అనే పరీక్షలో ఇలాంటి నొప్పులున్న 121 మందిని తీసుకుని, సగం మందితో ఏడాదిపాటు వారానికి రెండుసార్లు బరువులతో వ్యాయామం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటివి చేయించారు. వాళ్లలో నొప్పి తీవ్రత 29 శాతం తగ్గింది, చేయనివాళ్లలో ఏమీ తగ్గలేదు. పొద్దున లేవగానే గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టి పిడికిలి బిగించడం వదలడం చేయించండి. నడకకి మీరే తోడు వెళ్లండి, వెళ్లు వెళ్లు అని చెప్పడం కంటే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడడం పనిచేస్తుంది. వ్యాయామంతో లొంగకపోతే డ్యూలాక్సిటిన్ అనే మందు, ఆక్యుపంక్చర్ కూడా ఈ నొప్పులకే ప్రత్యేకంగా పరీక్షించినవి ఉన్నాయి.

ఎముకల సంగతి అంతకంటే ముఖ్యం, ఎందుకంటే అది నొప్పి పెట్టదు, విరిగేదాకా తెలియదు. ఈ మాత్ర మొదలుపెట్టినప్పుడు ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ తీశారా అని అడగండి. తీయకపోతే తీయించండి. విటమిన్ డి, కాల్షియం చూసుకోండి. అవసరమైతే ఆరునెలలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్ ఇస్తారు, దానికి ముందు పళ్ల డాక్టర్‌కి చూపించుకోవాలి, పన్ను పీకే పనులేమైనా ఉంటే ముందే చేయించుకోవాలి.

చిన్నచెల్లి:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. రాత్రి అక్కని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చదివి వినిపించాను. "మార్చే మాత్ర ఉందా" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. వచ్చే వారం అపాయింట్‌మెంట్‌కి నేనూ వెళ్తున్నాను. తనకి ఒక అనుమానం, ఇప్పటికే ఇన్ని మందులు వేసుకుంటున్నాను, ఇంకో మాత్ర వద్దు, మందు లేకుండా ఏమైనా ఉందా అంటోంది.

మనసువైద్యం:

సైకాలజిస్ట్‌ని. ఉంది, అదీ రుజువున్నది. బ్రిటన్‌లో మెనోస్ అనే పరీక్షని 2012లో ప్రచురించారు, రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 96 మందిలో కొందరిని చిన్న బృందాలుగా వారానికోసారి కూర్చోబెట్టి ఆరు వారాలు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే చికిత్స, ఇచ్చారు. ఆవిర్ల సంఖ్య పెద్దగా మారలేదు కానీ అవి పెట్టే బాధ బాగా తగ్గింది, నిద్ర, మూడ్ మెరుగయ్యాయి. అందరి ముందూ చెమట పట్టగానే "అందరూ నన్నే చూస్తున్నారు" అనే ఆలోచన గుండె వేగాన్ని పెంచుతుంది, అది ఆవిరిని ఇంకా భరించరానిదిగా చేస్తుంది. ఆ ఆలోచనని పట్టుకుని మార్చుకోవడం నేర్పుతాం. ఇది "అంతా నీ మనసులోనే ఉంది" అనడం కాదు, మెదడులో ఒంటి వేడిని నియంత్రించే చోటు ఈస్ట్రోజన్ లేక అతిగా స్పందిస్తోందని మాకు తెలుసు. నిద్రలేమికి కూడా ఇదే పద్ధతిలో ప్రత్యేకమైన చికిత్స ఉంది, నిద్రమాత్రల కంటే అది మేలు.

రఘువి గారు నిద్రలేని మనిషి చిరాకు గురించి రాసింది అక్షరాలా నిజం. అయితే ఏడుపు ఆగకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకాలని లేదనడం, ఇవి కనిపిస్తే హార్మోన్ల మీదికి నెట్టేసి ఊరుకోకండి, వెంటనే చూపించండి.

వార్డునర్సు:

కొత్త మందుల గురించి కూడా రాస్తాను. ఆ వేడి నియంత్రించే చోట పనిచేసే, హార్మోన్ కాని మాత్రలు వచ్చాయి. ఫెజోలినెటాంట్‌కి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది, వాడేటప్పుడు కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఎలింజానెటాంట్ అనే ఇంకోదాన్ని రొమ్ము క్యాన్సర్‌కి హార్మోన్లని అడ్డుకునే మందులు వాడుతున్న ఆడవాళ్లలోనే ప్రత్యేకంగా పరీక్షించారు, ఓయాసిస్ 4 అని, ఫలితాలు 2025లో వచ్చాయి, ఆవిర్లు బాగా తగ్గాయి. మీరుండే చోట దొరుకుతుందా, మీకు సరిపోతుందా అనేది డాక్టర్‌నే అడగాలి.

కొమ్మచివర:

నాకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 అనే జన్యువులో మార్పు ఉందని తేలి, క్యాన్సర్ రాకముందే 38 ఏళ్లకి అండాశయాలు, నాళాలు తీసేశారు. రొమ్ము క్యాన్సర్ రాలేదు కాబట్టి నాకు హార్మోన్లు ఇస్తున్నారు, అవి లేని మొదటి నెల నరకమే. నేను రాసేది ఒంటి గురించి కాదు. ఇంకో బిడ్డ కావాలా వద్దా అని నేనింకా తేల్చుకోలేదు, ఆ తలుపు నా చేతుల్లో లేకుండా మూసుకుపోయింది. ఎవరితో చెప్పినా "ప్రాణం ఉంది కదా, ఉన్న బిడ్డ చాలదా" అంటారు. చాలుతుంది. అయినా ఏడుపొస్తుంది. పక్కనున్నవాళ్లు దయచేసి ఆ ఏడుపుకి సమాధానం వెతకకండి, కాసేపు వినండి చాలు.

తూర్పుగాలి:

అమ్మా కొమ్మచివరా, నీ మాట అర్థమైంది.

కీమోతో ముట్లు ఆగినవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆగిపోయినంత మాత్రాన గర్భం రాదని కాదు. వయసు తక్కువైతే నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా అండాశయాలు మళ్లీ పనిచేయొచ్చు. టామోక్సిఫెన్ గర్భనిరోధక మాత్ర కాదు, పైగా ఆ మందు మీద ఉండగా గర్భం వస్తే బిడ్డకి ప్రమాదం, కాబట్టి హార్మోన్ లేని పద్ధతి, కాపర్ టీ లాంటిది, వాడాలి. బిడ్డ కావాలనుకునేవాళ్లు తమంతట తాము మాత్ర ఆపకుండా డాక్టర్‌తో ప్లాన్ చేసుకోవాలి, దానికీ దారి ఉంది. పాజిటివ్ అనే పరీక్షలో గర్భం కోసం హార్మోన్లని అడ్డుకునే చికిత్సని రెండేళ్ల దాకా ఆపిన ఆడవాళ్లలో, ఇప్పటిదాకా చూసినంతవరకు, క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదు.

ఆఫీసుమేట్:

మా టీమ్‌లో ఒకావిడ చికిత్స అయ్యాక మళ్లీ చేరారు. నేను ఏం చేయొచ్చు? అడిగితే బాగుండదేమో అని ఊరుకుంటున్నాను.

రఘువి:

జబ్బు గురించి అడగకండి, పని గురించి అడగండి. "కిటికీ పక్క సీటు కావాలా, మీటింగ్ మధ్యలో లేచి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, చెప్పినవి నేను మెయిల్‌లో రాసి పంపుతాను" ఇలా. నా భార్యకి ఆఫీసులో ఎక్కువ మేలు చేసింది మాటలన్నీ రాసి పంపడమే, అప్పట్లో తనకి విన్నది నిలిచేది కాదు.

వార్డునర్సు:

అన్నిటినీ మెనోపాజ్ ఖాతాలో వేసేయకూడదు కాబట్టి ఇది రాస్తున్నాను. ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే ఒక్క చుక్కైనా చెప్పాలి. టామోక్సిఫెన్ గర్భాశయం పొర మీద పనిచేస్తుంది కాబట్టి పరీక్ష అవసరం. మీ అక్కలాగా ఇంజెక్షన్, లెట్రోజోల్ కలిపి వాడేవాళ్లలో రక్తం కనిపిస్తే అండాశయాలు మళ్లీ మేలుకున్నాయేమో చూడాలి, అవి పనిచేస్తుంటే లెట్రోజోల్ ఒక్కటీ సరిపోదు, అందుకే ఆ ఇంజెక్షన్ తేదీ కూడా తప్పకూడదు. టామోక్సిఫెన్ మీద ఉండగా ఒక కాలే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో, ఆ రోజే వెళ్లాలి. రాత్రి చెమటలతో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉన్నా, ఒకేచోట ఎముక నొప్పి వదలకపోయినా చూపించండి. అలసట ఎక్కువైతే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు అడగండి, వాటికి తేలికైన మందులున్నాయి.

వెన్నెలదారి:

కొత్తగా చేరాను, అంతా చదివాను. ఎముకల ఇంజెక్షన్ల గురించి రాశారు కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మకి ఆరునెలలకోసారి డెనోసుమాబ్ ఇస్తున్నారు. ఈసారి ఇవ్వాల్సిన తేదీ దాటి మూడు వారాలయింది. ఎముకల స్కాన్ బాగుంది కదా, ఇక అక్కర్లేదులే అని అమ్మ వెళ్లలేదు. పర్లేదా?

కదలికే_మందు:

పర్లేదు అని వదిలేయకండి. జోలెడ్రోనిక్ యాసిడ్ ఎముకలో చాలాకాలం ఉండిపోతుంది, డెనోసుమాబ్ అలా కాదు, ఆపేస్తే కూడిన బలం త్వరగా కరిగిపోతుంది, కొందరికి వెన్నుపూసలు వరసగా నలిగిపోతాయి. ఆపాలంటే దాని బదులు ఇంకో ఎముకల మందు ఇచ్చి ఆపాలి. ఆరు నెలలు దాటి నెల కూడా కాలేదు కాబట్టి ఇంకా టైమ్ ఉంది. రేపు పొద్దునే ఆంకాలజీ విభాగానికి ఫోన్ చేసి, చివరి ఇంజెక్షన్ తేదీ చెప్పి, ఈ వారంలోనే ఇప్పించుకోండి. ఈలోగా అమ్మగారిని బరువులు ఎత్తనివ్వకండి, నడుం వంచి కింద వస్తువులు తీయనివ్వకండి, కొత్తగా వెన్ను నొప్పి వస్తే అది కూడా ఫోన్‌లోనే చెప్పండి.

వెన్నెలదారి:

ఫోన్ చేశానండి, ఎల్లుండి రమ్మన్నారు. వెన్ను నొప్పి లేదంటోంది కానీ వారం నుంచి కుర్చీలోంచి లేచేటప్పుడు నడుం పట్టుకుంటోంది, అది కూడా చెప్పాను, ఎక్స్‌రే తీస్తామన్నారు.